ఆట నేర్పే గురువుకు విలువ కట్టేదెవరు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు నేను ‘చదువు విలువ’ మీదో ‘క్రమశిక్షణ’ మీదో రాస్తానని అందరూ అనుకున్నారు. అవి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, బాగానే రాస్తున్నారు. నేను చదువుతున్నది ఎం.ఎ. అర్థశాస్త్రం. ఎవరి పనికి ఎవరు ఎంత ఇస్తారు, ఎందుకు ఇస్తారు అన్నదే మా పాఠం. అందుకని ఈసారి మనలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక జీతం గురించి రాస్తున్నాను. అది ఆట నేర్పే మనిషి జీతం.

అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయం అని ఒకటుంది. అది ప్రైవేటుది కాదు, ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. దాని పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 2023లోనూ 2024లోనూ వరుసగా జాతీయ విజేత అయింది. ఆ జట్టు ప్రధాన కోచ్ పేరు డాన్ హర్లీ. 2024 జూన్‌లో లాస్ ఏంజెలిస్ లేకర్స్ అనే పేరుమోసిన వృత్తి జట్టు ఆయనను ఆరేళ్ళకు 7 కోట్ల డాలర్లు ఇస్తాం రమ్మని పిలిచింది. ఆయన వెళ్ళలేదు. విశ్వవిద్యాలయం ఆయనతో ఆరేళ్ళకు 5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. మన లెక్కలో అది 400 కోట్ల రూపాయల పైమాటే. అంటే ఏడాదికి సుమారు 70 కోట్లు. ఒక్క మనిషికి, అదీ కాలేజీ కుర్రాళ్ళకు బంతాట నేర్పినందుకు!

ఇది చదివి నవ్వుకోవచ్చు, అసూయపడొచ్చు, వాళ్ళకు పిచ్చి పట్టిందని కూడా అనుకోవచ్చు. నాకు మాత్రం వేరే ప్రశ్న వచ్చింది. మన రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్‌కో, వాలీబాల్‌కో, కబడ్డీకో మంచి కోచ్ కావాలని ఊరూరా వెతికిందన్న వార్త మీరెప్పుడైనా పేపర్లో చూశారా? నేను చూడలేదు. వాళ్ళు అతిగా వెతుకుతారు, అతిగా ఇస్తారు. మనం వెతకం, వెతకం కాబట్టి ఇవ్వం. ఈ రెండింటిలో మన పద్ధతి వల్ల నష్టపోయేది ఎవరో కాదు, హాస్టల్ పిల్లలే. ఇదే నా వాదన.

వాళ్ళు ఎలా వెతుకుతారు?

అమెరికా పెద్ద విశ్వవిద్యాలయాలలో క్రీడా విభాగానికి ఒక డైరెక్టర్ ఉంటాడు. కోచ్ వెళ్ళిపోయినా, తీసేసినా, కొత్తవాణ్ణి తెచ్చే బాధ్యత ఆయనదే. మామూలు రోజుల్లోనే ఆయన తన దగ్గర ఒక చీటీ రాసుకుని ఉంచుకుంటాడట. ‘ఈయన పోతే ఎవరిని పిలవాలి’ అన్న చీటీ. అది చాలకపోతే కోచ్‌లను వెతికిపెట్టడమే వ్యాపారంగా ఉన్న సంస్థలకు ఫీజు కట్టి పని అప్పగిస్తారు. ఎక్కడో చిన్న కాలేజీలో అనామక కుర్రాళ్ళతో పెద్ద జట్లను ఓడిస్తున్న కోచ్ ఎవరు, అతని దగ్గర ఆడినవాళ్ళు డిగ్రీ పూర్తి చేస్తున్నారా, అతని మీద ఏమైనా ఫిర్యాదులున్నాయా అన్నీ విచారిస్తారు. కోచ్ తరఫున ఏజెంటు మాట్లాడతాడు. ఎన్నేళ్ళు, ఎంత జీతం, కప్పు గెలిస్తే ఎంత బోనస్, మధ్యలో తీసేస్తే ఎంత పరిహారం అన్నీ కాగితం మీద పెడతారు.

ఆ పరిహారం సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. 2021లో ఇండియానా విశ్వవిద్యాలయం తన బాస్కెట్‌బాల్ కోచ్‌ను ఒప్పందం ముగియకముందే తీసేసి, పనిచేయనందుకు కోటి డాలర్లకు పైగా కట్టింది. ఆ సొమ్ము దాతలు ఇచ్చారని చెప్పారు. దాతలు ఇచ్చినా సరే, ఒక చదువుల సంస్థ పేరున అంత సొమ్ము అలా పోవడం తగునా అని అక్కడివాళ్ళే అడుగుతున్నారు.

ఎప్పుడూ అక్కడ ఇలాగే లేదు. యు.సి.ఎల్.ఎ. జట్టుకు 1948 నుంచి 1975 వరకు కోచ్‌గా ఉన్న జాన్ వుడెన్ మొదట్లో హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మాస్టారు. ఆయన జట్టు 12 ఏళ్ళలో 10 సార్లు జాతీయ విజేత అయింది. అంతటి మనిషి జీతం ఏడాదికి 40 వేల డాలర్లు కూడా దాటలేదు. తరువాత టెలివిజన్ వచ్చి కూర్చుంది, ప్రకటనలు వచ్చాయి, జీతం ఆకాశానికి ఎగిరింది. కాబట్టి అక్కడి జీతం కోచ్ గొప్పతనానికి కట్టిన విలువ మాత్రమే కాదు, టీవీ సొమ్ముకు కట్టిన విలువ కూడా. ఈ తేడా మనం గుర్తుపెట్టుకోవాలి.

ఆ ఆటను పుట్టించిందే ఒక పి.ఇ. మాస్టారు

బాస్కెట్‌బాల్ ఎలా పుట్టిందో జి.కె. పుస్తకాల్లో చదివే ఉంటారు. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో గది లోపల ఆడుకోవడానికి పిల్లలకు ఒక ఆట కావాలని రెండు పండ్ల బుట్టలు గోడకు కొట్టి మొదలుపెట్టాడు. 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయం ఆయనను తీసుకుంది. దేనికి? వ్యాయామం నేర్పడానికీ, ప్రార్థన జరిపించడానికీ! బాస్కెట్‌బాల్ కోచింగ్ అనేది ఒక ఉద్యోగం అవుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు. ఆయన కోచ్‌గా గెలిచిన ఆటలకంటే ఓడినవే ఎక్కువ. కానీ ఆయన దగ్గర నేర్చుకున్న ఫాగ్ అలెన్ గొప్ప కోచ్ అయ్యాడు. అలెన్ దగ్గర ఆడిన అడాల్ఫ్ రప్, డీన్ స్మిత్ ఇంకా గొప్ప కోచ్‌లు అయ్యారు. ఒక పి.ఇ. మాస్టారికి నిలకడగా ఒక ఉద్యోగం ఇస్తే, డెబ్బై ఎనభై ఏళ్ళపాటు గురుపరంపర నడిచింది.

ఆ వై.ఎం.సి.ఎ. గాలి మన వైపు కూడా వీచింది. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. మన దేశంలో వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసిన తొలి కళాశాలలలో అది ముఖ్యమైనది. కోచ్‌లను తయారుచేయడానికి 1961లో పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ వచ్చింది. మనం ఎన్.ఐ.ఎస్. అంటామే, అదే. అంటే నేర్పేవాళ్ళను తయారుచేసే ఏర్పాటు మనకు ఎప్పటినుంచో ఉంది. తయారైనవాళ్ళను వెతికి తెచ్చుకుని నిలబెట్టుకునే ఏర్పాటే సరిగా లేదు.

మన దగ్గర జరిగేది

మన విశ్వవిద్యాలయాలలో జట్టు ఎలా తయారవుతుందో ఆడినవాళ్ళకు తెలుసు. ముందు అంతర్ కళాశాలల పోటీలు పెడతారు. అక్కడ కొందరిని ఎంపిక చేస్తారు. ఎంపికైనవాళ్ళకు రెండు వారాలో అంతకు కాస్త అటూఇటూగానో శిబిరం. అక్కడినుంచి దక్షిణ మండల పోటీలకు రైలెక్కిస్తారు. చాలాచోట్ల ఆ శిబిరంలో కోచ్‌గా ఉండేది అనుబంధ కాలేజీలో పనిచేసే ఒక ఫిజికల్ డైరెక్టర్. పోటీలకు వెళ్ళొచ్చాక ఆయన తన కాలేజీకి, పిల్లలు తమ కాలేజీలకు. మళ్ళీ ఏడాది మళ్ళీ కొత్తగా మొదలు. పునాది వేయకుండా ప్రతి ఏడాదీ పైకప్పు వేయడం లాంటిది ఇది.

ఉద్యోగం పొందడానికి నిబంధనలు లేవా? ఉన్నాయి, గట్టివే ఉన్నాయి. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం కాలేజీలో ఫిజికల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్ కావాలంటే ఎం.పి.ఎడ్.లో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ ఉండాలి. పైగా దేహదారుఢ్య పరీక్ష ఉంది. ముప్పై ఏళ్ళ లోపు మగవాళ్ళు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, ఆడవాళ్ళు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు పూర్తి చేయాలి. ఏడో వేతన సవరణ ప్రకారం మొదటి మూల వేతనం 57,700 రూపాయలు, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానం. కాగితం మీద ఇంతకంటే గౌరవం ఏం కావాలి?

చిక్కు రెండు చోట్ల ఉంది. మొదటిది, ఆ నిబంధనలు చెప్పేది డైరెక్టర్ల గురించి. ఒక ఆటను లోతుగా ఎరిగిన కోచ్ గురించి కాదు. కాలేజీకి ఒక్కరే ఉంటే ఆ ఒక్కరే పొద్దున ఖోఖో, సాయంత్రం బాస్కెట్‌బాల్, మధ్యలో పరీక్షల ఇన్విజిలేషన్, ఆగస్టు పదిహేనుకు కవాతు, ర్యాగింగ్ జరగకుండా కాపలా అన్నీ చూడాలి. రెండోది, పోస్టు ఖాళీ అయితే దాన్ని నింపే తొందర ఎవరికీ ఉండదు. కెమిస్ట్రీ లెక్చరర్ లేకపోతే తల్లిదండ్రులు అడుగుతారు. ఫిజికల్ డైరెక్టర్ లేకపోతే ఎవరూ అడగరు. తాత్కాలికంగా ఎవరినైనా పెట్టినా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్, గౌరవ వేతనం. ఈ ‘గౌరవ వేతనం’ అన్న మాటలో గౌరవమూ తక్కువే, వేతనమూ తక్కువే.

అసలు కోచ్ పనిని కొలవడమే మనకు చేతకాలేదు. అతిథి అధ్యాపకులకు ఒక్కో లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు 50 వేలకు మించకుండా ఇవ్వవచ్చని యు.జి.సి. 2019లో చెప్పింది. మంచిదే. మరి తెల్లవారుజామున అయిదున్నరకు మైదానానికి వచ్చి, పిల్లలు పరుగెత్తుతుంటే వెంట పరుగెత్తే మనిషి ఏ పీరియడ్‌లో లెక్క? ఖేలో ఇండియా కేంద్రాల పథకంలో ఒక కేంద్రానికి ఏటా ఇచ్చే 5 లక్షల్లో, నేర్పే మాజీ క్రీడాకారుడి పారితోషికం 3 లక్షల వరకు. నెలకు 25 వేలు. అది కూడా లేని ఊళ్ళతో పోలిస్తే నయమే. కానీ ఆ సొమ్ముతో పెళ్ళాం పిల్లలను పెట్టుకుని జీవితమంతా మైదానంలో ఉండమని ఎవరిని అడగగలం?

మా కడియం, కడియపులంక నర్సరీలలో పెరిగినవాళ్ళకు ఒక సంగతి చెప్పనక్కర్లేదు. మా అమ్మానాన్నలు అక్కడే పనిచేశారు. కుండీ మోయడానికి ఒక కూలి, అంటు కట్టడానికి ఒక కూలి. అంటు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి కావాలంటే రైతు తానే కబురు పెడతాడు, ఇంటికి వెళ్ళి పిలుస్తాడు. ఎందుకంటే ఆ చెయ్యి సరిగా పడకపోతే ఎంత నీరు పోసినా, ఎంత ఎరువు వేసినా మొక్క నిలవదని ఆయనకు తెలుసు. పదో తరగతి చదవని నర్సరీ రైతుకు తెలిసిన ఈ అర్థశాస్త్రం మన విశ్వవిద్యాలయాలకు ఎందుకు పట్టలేదు?

కోర్టులు ఏమన్నాయి?

ఆట నేర్పేవాడు గురువా, నౌకరా? ఈ ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఒక ఫిజికల్ డైరెక్టర్‌ను 58 ఏళ్ళకు పదవీ విరమణ చేయమన్నారు. ఉపాధ్యాయులకైతే 60 ఏళ్ళు. ‘నేనూ ఉపాధ్యాయుణ్ణే’ అని ఆయన కోర్టుకెక్కారు. 1997లో సుప్రీంకోర్టు ఆయన మాటే ఒప్పుకుంది. ఆట నియమాలు, మెళకువలు నేర్పడం కూడా బోధనే. నాలుగు గోడల మధ్య చెబితేనే పాఠం కాదు, మైదానంలో చెప్పినా పాఠమే అన్నది ఆ తీర్పు సారం. ఇంత మంచి తీర్పు మన గడ్డ మీది కేసులో వచ్చిందని మనలో ఎంతమందికి తెలుసు?

రెండో తీర్పు 2016 అక్టోబరులో వచ్చింది. పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, తాత్కాలిక ఉద్యోగులు రెగ్యులర్ ఉద్యోగులు చేసే పనే చేస్తుంటే, వారికి కూడా ఆ పోస్టు కనీస వేతన స్కేలు దక్కాలని చెప్పింది. సమాన పనికి సమాన వేతనం అన్న సూత్రం కోచ్‌కు ఎందుకు వర్తించదు?

విచిత్రం ఏమిటంటే, కోట్లు కుమ్మరించే అమెరికాలో కూడా చిన్న కోచ్‌ను తొక్కిపెట్టిన చరిత్ర ఉంది. అక్కడి విశ్వవిద్యాలయాల క్రీడా సంఘం ఎన్.సి.ఎ.ఎ. 1991లో ఒక నియమం చేసింది. బాస్కెట్‌బాల్ జట్టులో కింది స్థాయి కోచ్ ఒకరికి ఏడాదికి 16 వేల డాలర్లకు మించి ఇవ్వకూడదని. పెద్ద కోచ్ జీతానికి మాత్రం అడ్డు లేదు! ఆ చిన్న కోచ్‌లు కలిసికట్టుగా కేసు వేశారు. విశ్వవిద్యాలయాలన్నీ కూడబలుక్కుని జీతం తగ్గించడం చట్టవిరుద్ధమని 1998లో అప్పీలు కోర్టు తేల్చింది. 1999లో 5 కోట్ల 45 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. ఎక్కడైనా సరే, జీతం దానంతట అది పెరగదు. అడిగినవాళ్ళుంటేనే పెరుగుతుంది.

కోచ్ ఉంటే ఏమవుతుంది?

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉండేవారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఫుట్‌బాల్ నేర్పారు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా భారత జట్టు కోచ్ ఆయనే. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కాలంలోనే వచ్చాయి. ఆ తరువాత భారత ఫుట్‌బాల్ మళ్ళీ ఆ మెట్టు ఎక్కలేదు. 2024లో ఆయన మీద హిందీలో సినిమా వచ్చేదాకా మన పిల్లలకు ఆయన పేరు తెలియదు.

మన డెల్టా సంగతే చూద్దాం. బ్యాడ్మింటన్ ఆటగాడు రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్‌ది అమలాపురం. ఆయన తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. అంటే ఇంట్లోనే ఒక గురువు ఉన్నాడు. 2014లో హైదరాబాదు గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు. డబుల్స్ ఆటలో దిట్ట అయిన మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్‌ను మన దేశం వెతికి తెచ్చుకుంది. ఆయనే సాత్విక్‌ను చిరాగ్ శెట్టితో జత కలిపాడు. 2023లో ఆ జంట ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచి ప్రపంచంలో మొదటి ర్యాంకు అందుకుంది. వెతికి తెచ్చిన కోచ్ విలువ ఎంతో ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఇక మనలాంటి పిల్లల మాట. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని నందిని అగసర 2023 ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం, 2025 ఆసియా అథ్లెటిక్స్‌లో బంగారం గెలిచింది. ఆమె తండ్రి టీ అమ్మేవారు. ఆమెకు నేర్పింది 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న నాగపురి రమేష్ గారు. వరంగల్ జిల్లా పేదింటి పిల్ల జీవాంజి దీప్తిని మొదట గుర్తించింది బడిలో పి.ఇ.టి. తరువాత ఆమె రమేష్ గారి దగ్గరికి చేరింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఈ కథలన్నిటిలో పిల్లల కష్టం సమానంగా ఉంది. కానీ ఆ కష్టాన్ని చూసిన కన్ను ఒకటి లేకపోతే అది కష్టంగానే మిగిలిపోయేది.

2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ గారు, కుటుంబానికి డబ్బు ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లోకి పంపవద్దనే అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ మాట చాలామందిని నొప్పించింది. నాకు మాత్రం ఆయన ఒక నిజాన్ని మొహమాటం లేకుండా చెప్పారనిపించింది. డబ్బున్న ఇంటి పిల్లవాడికి కాలేజీలో కోచ్ లేకపోతే అకాడమీకి వెళతాడు. ఫీజు, బూట్లు, పాలు, గుడ్లు అన్నీ ఇంట్లో చూసుకుంటారు. హాస్టల్ పిల్లవాడికి ప్రభుత్వం పెట్టిన కోచ్ ఒక్కడే దిక్కు. ఆ పోస్టు ఖాళీగా ఉంటే ఆ పిల్లవాడికి ఆ ఆటే మూతపడినట్టు.

ఇది పతకాల సంగతి మాత్రమే కాదు, అన్నం సంగతి. మన రాష్ట్రంలో ఉద్యోగాల క్రీడా కోటాను 2024 క్రీడా విధానంలో 2 నుంచి 3 శాతానికి పెంచారు. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 పోస్టులు చూపారు. ఆ కోటాకు కావలసింది పెద్ద పోటీల్లో ఆడిన సర్టిఫికెట్. ఆ పోటీదాకా వెళ్ళాలంటే నేర్పేవాడు ఉండాలి. నేను డిగ్రీ చదివిన చోట ఆ మూడేళ్ళూ ఫిజికల్ డైరెక్టర్ లేడు. బంతుల గది తాళం ఆఫీసులో ఉండేది. అంతర్ కళాశాలల వాలీబాల్‌కు మేమే జట్టు కట్టుకుని, మేమే సంతకాలు పెట్టించుకుని వెళ్ళాం. అవతలి జట్టు పక్కన ఒక మాస్టారు నిలబడి ఒక్కో పాయింటుకూ సర్దుబాటు చెబుతుంటే, మా పక్కన మా నీళ్ళ సీసాలు ఉన్నాయి. మా హాస్టల్లో నాకంటే బాగా ఎగిరి కొట్టే ఇద్దరు ఆ ఏడాదితో ఆట మానేశారు. వాళ్ళు కోల్పోయిన ఉద్యోగం ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు.

అమెరికాను దించుకోవాలా?

వద్దు. అక్కడి పద్ధతిలో పెద్ద లోపం ఉంది. కోచ్ కోట్లు తీసుకుంటుంటే, చెమటోడ్చి ఆడిన కుర్రాళ్ళకు చాలా ఏళ్ళపాటు ఫీజు, తిండి, గది తప్ప జీతం లేదు. వాళ్ళలో చాలామంది నల్లజాతి కుటుంబాల పిల్లలు. తమ పేరును ప్రకటనలకు వాడుకుని సంపాదించుకునే హక్కే 2021లో వచ్చింది. విశ్వవిద్యాలయాలు నేరుగా ఆటగాళ్ళకు చెల్లించడం 2025 జులైలో మొదలైంది. అంతవరకు మేస్త్రీకి బంగారం, కూలీకి భోజనం అన్న పద్ధతే నడిచింది. కూలి కుటుంబాలలో పుట్టిన మనం దాన్ని మెచ్చుకోలేం.

అయినా నేర్చుకోవలసింది ఒకటుంది. దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయం మహిళల జట్టు కోచ్ డాన్ స్టేలీ ఫిలడెల్ఫియాలో పేదలకు ప్రభుత్వం కట్టిన ఇళ్ళలో పెరిగిన నల్లజాతి స్త్రీ. ఆమె జట్టు 2017, 2022, 2024లలో జాతీయ విజేత. మగ కోచ్‌లతో సమానంగా విలువ కట్టమని ఆమె పట్టుబట్టింది. 2025 జనవరిలో ఏడాదికి సుమారు 40 లక్షల డాలర్ల ఒప్పందం పొందింది. అడగడం తప్పు కాదనీ, ఆడపిల్లలకు నేర్పే పని తక్కువ పని కాదనీ ఆమె చూపించింది. మన బాలికల హాస్టళ్ళకు మహిళా కోచ్‌లు కావాలని నేను అనేది కూడా అందుకే. మహిళా కోచ్ ఉంటే ఆడపిల్లను సాయంత్రం మైదానానికి పంపడానికి తల్లి భయపడదు.

‘లెక్చరర్ పోస్టులే ఖాళీగా ఉంటే కోచ్‌కు డబ్బెక్కడిది?’ అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న లెక్క వేద్దాం. దగ్గరదగ్గరగా ఉన్న ఆరు కాలేజీలు కలిసి ఒక కోచ్‌ను పెట్టుకున్నాయనుకోండి. యు.జి.సి. మూల వేతనం 57,700 ఆరుగురూ పంచుకుంటే ఒక్కో కాలేజీకి నెలకు పదివేల లోపే. కాలేజీకి 500 మంది చొప్పున 3,000 మంది విద్యార్థులు అనుకుంటే, ఒక్కొక్కరి మీద నెలకు 20 రూపాయలు కూడా పడదు. కరువు భత్యం వగైరాలు కలిపినా పెద్ద తేడా రాదు. డబ్బు లేదన్నది కొంత నిజం. అడిగేవాళ్ళు లేరన్నది అంతకంటే పెద్ద నిజం.

మన కోరికలు

రాజమహేంద్రవరంలో 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకుముందు మన కాలేజీలన్నిటికీ విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమే దిక్కు. విశ్వవిద్యాలయం ఇంటి పక్కకు వచ్చినప్పుడు అడిగే గొంతు కూడా పెరగాలి. రాష్ట్రంలోని అన్ని విశ్వవిద్యాలయాలనూ మనం అడగవలసినవి ఇవి:

ఒకటి, ఖాళీగా ఉన్న ఫిజికల్ డైరెక్టర్ పోస్టులను లెక్చరర్ పోస్టులతో పాటే, ఒకే నోటిఫికేషన్‌లో నింపాలి.

రెండు, ముఖ్యమైన ఆటలు నాలుగైదింటికి విశ్వవిద్యాలయం స్థాయిలో ఏడాది పొడవునా ఉండే కోచ్‌ను పెట్టాలి. వైస్ ఛాన్సలర్‌ను వెతకడానికి సెర్చ్ కమిటీ వేస్తున్నాం కదా. కోచ్‌ను వెతకడానికి కూడా ఇద్దరు మాజీ క్రీడాకారులు, ఒక ఎన్.ఐ.ఎస్. కోచ్, ఒక మహిళా సభ్యురాలితో చిన్న కమిటీ వేయాలి. వచ్చిన దరఖాస్తులు చూడటంతో సరిపెట్టకుండా, మారుమూల బడుల్లో పిల్లల్ని గెలిపిస్తున్న పి.ఇ.టి.లను ఆ కమిటీయే వెళ్ళి పిలవాలి.

మూడు, జీతం పన్నెండు నెలలూ ఇవ్వాలి. ఒప్పందం కనీసం నాలుగేళ్ళు ఉండాలి. మొదటి ఏడాది కప్పు రాలేదని పంపించేస్తే ఏ కోచ్ కూడా చిన్న పిల్లలను తీసుకోడు, తయారైనవాళ్ళ కోసమే చూస్తాడు.

నాలుగు, కోచ్ పనిని పతకాలతోనే కొలవకూడదు. ఎంతమంది కొత్త పిల్లలు మైదానానికి వచ్చారు, అందులో హాస్టల్ పిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు, ఆడుతూ డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు ఎందరు అన్నది కూడా లెక్కలోకి రావాలి.

ఇక మీకు ఒక మాట. మీలో ఆటంటే ప్రాణం పెట్టేవాళ్ళు బి.పి.ఎడ్., ఎం.పి.ఎడ్. చదవడానికి చిన్నతనం పడకండి. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేను. ఎం.ఎ. అంటే ఏమిటో కూడా మా ఇంట్లో తెలియదు. అలాగే కోచింగ్ అనే చదువు ఒకటుందని మీ ఇంట్లో తెలియకపోవచ్చు. తెలుసుకుని మీరే చెప్పండి. రేపు మీరు చేరబోయే కాలేజీలో ఫీజు ఎంత, బస్సు ఉందా అని అడిగేటప్పుడు, ఫిజికల్ డైరెక్టర్ ఉన్నారా అని కూడా అడగండి. లేరంటే ప్రిన్సిపాల్ గారికి ఒక దరఖాస్తు రాయండి, పదిమంది సంతకాలు పెట్టండి, నకలు దగ్గర ఉంచుకోండి. కెమిస్ట్రీ లెక్చరర్ కోసం అడిగినట్టే కోచ్ కోసం కూడా అడిగే రోజు వస్తే, వెతకడం వాళ్ళే మొదలుపెడతారు.

— పూర్వ విద్యార్థి, ఎం.ఎ. (అర్థశాస్త్రం), కడియం